ఇరవయ్యో తేదీకే జీతం అయిపోతుంటే

ప్రశ్న: మాది తిరుపతిలోని కొర్లగుంట. మావారి జీతం 32,000 రూపాయలు. ఇంటి అద్దె 9,000, బండి కంతు 2,800 పోగా మిగిలిన డబ్బు ఇరవయ్యో తేదీకే అయిపోతోంది. కొండకు వచ్చే బంధువులు మా ఇంట్లోనే దిగుతారు, వారిని వద్దనలేము. ఎలా సర్దుకోవాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ఇంటికి వచ్చినవారిని వద్దనవలసిన అవసరం లేదు. మీ ఇబ్బంది నెలనెలా అయ్యే ఖర్చుల కంటే, ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చిపడే ఖర్చుల వల్లనే ఎక్కువని నా అభిప్రాయం. జూన్‌లో కట్టే బడి ఫీజు, బీమా ప్రీమియం, సంక్రాంతి బట్టలు, బ్రహ్మోత్సవాలకూ వైకుంఠ ఏకాదశికీ వచ్చే చుట్టాల ఖర్చు, వీటన్నిటినీ ఒక కాగితం మీద రాసి, కూడి, 12తో భాగించండి. ఉదాహరణకు ఫీజు 24,000, బీమా 6,000, పండుగలకూ చుట్టాలకూ కలిపి 12,000 అనుకుంటే, నెలకు 3,500 పక్కన పెట్టాలి. జీతం పడిన రోజే, అద్దె కట్టేటప్పుడే, దీన్ని వేరే ఖాతాలోకి మార్చండి.

ఇక మిగిలేది 16,700. కరెంటు, గ్యాసు, పాలు, ఫోను రీఛార్జికి 4,700 తీసేస్తే 12,000 ఉంటుంది. దీన్ని ఒక్కసారిగా చేతికి తీసుకోకుండా, వారానికి 2,800 చొప్పున వాడితే, నెలాఖరు రెండు మూడు రోజులకు 800 నిలుస్తుంది. బియ్యం, పప్పులు, నూనె మొదటి వారంలోనే కొనేవారైతే ఆ వారానికి ఎక్కువ, తరువాతి వారాలకు తక్కువ పెట్టుకోండి. చుట్టాలు వచ్చినప్పుడు అదనపు పాలప్యాకెట్లు, ఆటో ఖర్చు మాత్రం ఆ వేరే ఖాతాలోనుంచే తీయండి.