ఎండ్రకాయ చేసిన పనికి ఆరు వారాల పగ

అడిగిన ప్రశ్న: “పరిణామ గేమ్ థియరీ జంతువులకేనా, మనుషులకూ వర్తిస్తుందా? నిజ జీవితంలో ఎవరైనా చూశారా?” (ఎదుటివాడు చేసేదాన్ని బట్టి మన లాభనష్టాలు మారే చోట, కాలం గడిచేకొద్దీ ఏ పద్ధతి నిలుస్తుందో చూసే లెక్కే ఈ థియరీ.)

చూశాను. కేసీ (కర్నూలు-కడప) కాలువ చివరి ఆయకట్టులో, మోకాలి లోతు బురదలో నిలబడి చూశాను.

అప్పుడు ఇంటర్ చదువుతున్నా. మా ఊరికి కాలువ నీళ్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. పెద్ద కాలువ దగ్గర వంతులు నీరుగంటి చూసుకుంటాడు. అక్కడి నుంచి మడి మీద మడి పారించుకోవడం ఎవరి తంటా వాళ్లది. మా మడికి దిగువ మడి ఒక మామది. చుట్టం కాదు, వరస కలుపుకున్నాం అంతే. ఒక రాత్రి నాయనా నేనూ తడి కట్టి, మడి నిండాక ఇంటికొచ్చి పడుకున్నాం. తెల్లారి చూస్తే మా మడిలో బురద, మామ మడిలో నీళ్లు. గట్టు ఎక్కడా తెగలేదు. “రాత్రి గండి కొట్టి, తెల్లారేలోపు పూడ్చినాడు” అని నాయన తేల్చేశాడు. మామ వంతు రోజున నాయన నీళ్లు కిందికి పోకుండా మా దగ్గరే బిగించేశాడు. మామకు ఒళ్లు మండి, ఈసారి నిజంగానే పార తెచ్చి గండి కొట్టాడు. ఇలా ఆరు వారాలు నడిచింది. అమ్మా అత్తా బోరింగు దగ్గర ఎదురుపడినా బిందెలు మాట్లాడుకునేవి తప్ప వాళ్లు మాట్లాడుకునేవాళ్లు కాదు.

డిగ్రీలో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే అమెరికా ప్రొఫెసర్ పెట్టిన కంప్యూటర్ పోటీల గురించి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. 1980 ప్రాంతంలో ఆయన రెండు పోటీలు పెట్టాడు. ప్రోగ్రాములు జంటలుగా మళ్లీ మళ్లీ తలపడాలి, ప్రతిసారీ సహకరించడమో మోసం చెయ్యడమో ఎంచుకోవాలి. మొదటిదానికి 14, రెండోదానికి 62 ప్రోగ్రాములు వచ్చాయి. రెండిట్లోనూ గెలిచింది అనటోల్ రాపొపోర్ట్ పంపిన చిన్న ప్రోగ్రామే: మొదట మంచిగా ఉండు, తర్వాత ఎదుటివాడు చేసిందే చెయ్యి. దెబ్బకు దెబ్బ. ఇది ఏ ఒక్క ఆటలోనూ ఎదుటివాడి కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకోలేదు, అయినా ఆ పోటీల్లో మొత్తం మీద అదే గెలిచింది. అందరూ ఇక్కడే ఆగిపోయి చప్పట్లు కొడతారు. నాకు కోపం అక్కడే. మా నాయన ఆడింది అక్షరాలా ఇదే ఆట!

ఆరో వారం నేను గట్టు చెక్కుతుంటే కాలు దిగబడింది. చూస్తే బొటనవేలు పట్టేంత బొక్క, ఇటు నుంచి అటు. లోపల నీళ్లు బుడబుడమంటున్నాయి. పార వేసి తవ్వితే పిడికిలంత ఎండ్రకాయ కొండీలు పైకెత్తి బయటికొచ్చింది. మొదటి రోజు గండి కొట్టింది మామ కాదు, ఇది.

ఆ ప్రోగ్రాముకు ఉన్న జబ్బు ఇదే. ఒక్క పొరపాటు జరిగితే చాలు, అలాంటివి రెండు ఎదురెదురు పడినప్పుడు వంతులేసుకుని ఒకదాన్నొకటి కొట్టుకుంటూనే ఉంటాయి. 1992లో నోవాక్, సిగ్మండ్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి మందు చూపించారు: మూడుసార్లలో సుమారు ఒకసారి లెక్క చూడకుండా క్షమించేస్తే పొరపాట్లున్న లోకంలో అదే నిలుస్తుంది. నాయన వాళ్ల పేర్లు వినలేదు. ఎండ్రకాయను కాసేపు చూసి, పైపంచె దులుపుకుని మామ ఇంటికెళ్లి “ఈ తడి నువ్వే కట్టుకో బావా” అని వచ్చేశాడు. మామ నమ్మలేదు, రాత్రంతా లైటేసుకుని గట్టు మీదే కూర్చున్నాడు. రెండోసారి కూడా వదిలాకే కొంచెం మెత్తబడ్డాడు.

ఇక జంతువుల సంగతి. ఈ గేమ్ థియరీని జీవశాస్త్రంలో నిలబెట్టింది 1973లో మేనార్డ్ స్మిత్, జార్జ్ ప్రైస్ అనే పరిశోధకులు. మేనార్డ్ స్మిత్ మొదట విమానాల ఇంజనీరు.  వీళ్ల డేగ-పావురం లెక్కలో డేగ అంటే ఎప్పుడూ కొట్లాటకు దిగేది, పావురం అంటే దెబ్బలాట మొదలైతే తప్పుకునేది. దాని ప్రకారం దెబ్బల ఖర్చు గెలుపు కంటే ఎక్కువైతే అందరూ డేగలైన గుంపు నిలవదు. అయినా మోటివేషన్ వీడియోల వాళ్లు “ప్రకృతిలో బలవంతుడిదే రాజ్యం” అని అరుస్తూనే ఉంటారు. వాళ్లను కాలిఫోర్నియా బల్లుల దగ్గరికి పంపాలి: ఆడవాటి కోసం మగవి పోటీ పడేటప్పుడు నారింజ గొంతువి నీలి గొంతువాటిని తరుముతాయి, నీలివి పసుపువాటిని కాపలా కాసి ఆపుతాయి, పసుపువి దొంగచాటుగా నారింజవాటిని బోల్తా కొట్టిస్తాయి. రాజ్యం ఎవరిదో చెప్పమనండి.

నాకు బాగా నచ్చింది సీతాకోకచిలుకల కథ. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అడవిలో నేల మీద పడే ఎండ మచ్చ కోసం మగవి పోటీ పడతాయి. ముందు నుంచి ఉన్నదే గెలుస్తుంది, వచ్చింది మారు మాట్లాడకుండా పోతుంది. 1978లో నిక్ డేవిస్ అనే పరిశోధకుడు రెండింటికీ అది తమదే అనిపించేలా చేస్తే గొడవ చాలాసేపు సాగింది. ఎండలో ఉన్నదానికి ఒళ్లు వెచ్చబడి గెలుస్తుందని తర్వాత కొందరు వాదించారు గానీ, గట్టు తగాదా చూసిన నాకు డేవిస్ మాటే సబబు. ఆ నీళ్లు తనవేనని మామకూ నమ్మకమే, నాయనకూ నమ్మకమే.

రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1988లో మా కర్నూలు కాలువల ఊళ్ల మీద పుస్తకమే రాశాడు. నీళ్లకు కటకటపడే చివరి ఊళ్లే డబ్బులేసుకుని నీరుగంట్లను పెట్టుకుంటాయని, ఎగువ ఊళ్లకు ఆ అవసరం పెద్దగా ఉండదని చూపించాడు. మడికీ మడికీ మధ్య గట్టుకు మాత్రం నీరుగంటి ఎవరూ లేరు.

ఎండ్రకాయను ఆ రాత్రి అమ్మ పులుసు పెట్టింది. దాని సంగతి మామకు నాయన ఇప్పటికీ చెప్పలేదు.