బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత పాలు ఎందుకు పడవు? ఏం చేయాలి?

శస్త్రచికిత్సకు ముందు గ్లాసెడు పాలు హాయిగా తాగినవారికి, తర్వాత అవే పాలతో కడుపు ఉబ్బరం, విరేచనాలు మొదలు కావచ్చు. పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని విడగొట్టే లాక్టేజ్ ఎంజైము చిన్నపేగు పైభాగంలోనే ఎక్కువ. గ్యాస్ట్రిక్ బైపాస్ అనే రకం శస్త్రచికిత్సలో ఆహారం ఆ పైభాగంలో కొంత దూరాన్ని తప్పించుకుని కిందికి దిగిపోతుంది. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది; గ్యాసు అలా పుట్టిందే. పొట్టను సన్నని గొట్టంలా కుదించే ‘స్లీవ్’ శస్త్రచికిత్సలో పేగు దారి మారదు గానీ, పొట్ట త్వరగా ఖాళీ కావడం వల్ల కొందరికి ఇదే బాధ.

అలాగని పాల పదార్థాలన్నిటినీ వదిలేయనక్కరలేదు. 240 మిల్లీలీటర్ల పాలలో దాదాపు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటే, బాగా మాగిన గట్టి చీజ్‌లో అది నామమాత్రమే. పెరుగు చాలామందికి పడుతుంది. లాక్టోజ్ తీసేసిన పాలలో ప్రోటీన్ ఏమీ తగ్గదు.

అసలు దొంగ చాలాసార్లు ప్రోటీన్ పొడి డబ్బాలో ఉంటాడు! లేబుల్‌పై మొదటి పేరు ‘వే కాన్సన్‌ట్రేట్’ (వే అంటే పాలు విరిగాక మిగిలే తేట) అయితే లాక్టోజ్ ఉన్నట్టే. ‘వే ఐసొలేట్’లో చాలా తక్కువ. సోయా పొడిలో మామూలుగా ఉండదు.

తీపి తిన్న అరగంటలోపే చెమటలు, గుండెదడ వస్తే అది డంపింగ్ కావచ్చు, అంటే తిన్నది పొట్టలోంచి పేగులోకి ఒక్కసారిగా దిగిపోవడం. దానికి లాక్టేజ్ మాత్రలు పనిచేయవు. పాలు తగ్గించినవారు కాల్షియం సంగతి వైద్యుడితో మాట్లాడాలి. బైపాస్ తర్వాత పొట్టలో ఆమ్లం తక్కువ కాబట్టి కాల్షియం మాత్రల్లో కార్బొనేట్ కన్నా సిట్రేట్ రూపమే బాగా ఒంటబడుతుంది. పాలు పూర్తిగా మానినా విరేచనాలు ఆగకపోతే పరీక్ష చేయించుకోవాల్సిందే.