ఆ మాట కోసేయొద్దు

తిరుపతి

అమ్మాయీ,

మీ అమ్మ గురించి నువ్వు తీసిన డాక్యుమెంటరీ రెండుసార్లు చూశాను. బాగుంది. ఆ మాట నీకు ఇప్పటికే చాలామంది చెప్పుంటారు, నాకు కోపం తెప్పించిన చోటుకు నేరుగా వస్తాను.

చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయలు కోసే రోజుల గురించి చెబుతూ, మేస్త్రీ కూలి డబ్బులు ఇవ్వకుండా పట్టుకున్న సంగతి దగ్గర మీ అమ్మ ఆగి నీ వైపు తిరిగింది. "నువ్వు రాసిచ్చినట్టు చెప్పల్లా, జరిగింది జరిగినట్టు చెప్పల్లా పాపా?" అంది. అక్కడ కట్ చేశావు! వెంటనే వేణువు, డ్రోన్‌లో మామిడి తోటలు, ఎవరిదో అద్దె గొంతుతో ఆమె మౌనం గురించి కవిత్వం. ఆమె మౌనంగా ఎక్కడుందమ్మా? నిన్ను అడుగుతోంది.

అడిగే మనిషి సినిమాలో ఉండాల్సిందే. ముఖం వద్దనుకుంటే గొంతైనా వినపడాలి. మాట ఎవరు రాసిచ్చారు, ఏ సీను మళ్ళీ చేయించారు అన్నవి దాచేసి ఆడవాళ్ళ కథ తీస్తే, ఇన్నాళ్ళూ వాళ్ళ తరఫున మగవాళ్ళు మాట్లాడేసిన పనే మనమూ చేసినట్టు. ఈ విషయంలో నాకు మొండిదాన్నని పేరుంది.

డాక్యుమెంటరీలో నటన కలపొచ్చా అని అడిగావు. కర్ణాటకలోని నిపాణి పొగాకు కార్మికులతో డాక్యుమెంటరీ తీసిన దర్శకురాలు దీపా ధన్‌రాజ్ వాళ్ళ యుగాంతర్ బృందమే, 1983లో హైదరాబాద్ మహిళా సంఘం స్త్రీశక్తి సంఘటనతో కలిసి మన తెలుగులో 'ఇది కథ మాత్రమేనా' తీసింది. ఇంటి లోపలి హింస మీద. తలుపులేసుకొని కొట్టేవాడు కెమెరా ముందు కొడతాడా? కథ అల్లాల్సిందే. ఇంకా వియత్నాంలో పుట్టిన దర్శకురాలు ట్రిన్ మిన్-హా 1989లో తీసిన 'సర్‌నేమ్ వియెత్ గివెన్ నేమ్ నామ్' చూడు. వియత్నాం ఆడవాళ్ళ ఇంటర్వ్యూలే అనుకుంటూ చూస్తాం. మాట్లాడుతున్నది అమెరికాలో ఉంటున్న వియత్నాం ఆడవాళ్ళనీ, అంతకుముందే అచ్చయిన ఇంటర్వ్యూలను నటించి చెబుతున్నారనీ తర్వాత తెలుస్తుంది. ఆపైన వాళ్ళే తమ సొంత బతుకుల గురించి మాట్లాడతారు.

వేషమని తెలిస్తే జనం నమ్మరేమోనని నీకు టెన్షన్. మన గంగమ్మ జాతర చూసిన పిల్లవేనా? చీర కట్టి మాతంగి అమ్మవారి వేషం వేసింది ఏ వీధి కుర్రాడో అందరికీ తెలుసు, అయినా దండం పెడతారు.

పుంగనూరు దగ్గర చింతపండు కొట్టే ఆడవాళ్ళను నేను తీసినప్పుడు, ఒకామె మొగుడి తాగుడు గురించి చెబుతూ పడీపడీ నవ్వింది. ఒక చానల్ ప్రొడ్యూసర్ ఆ నవ్వు తీసేయమన్నాడు, కన్నీళ్ళు లేకపోతే చానల్లో వేయడానికి స్లాట్ లేదన్నాడు. నవ్వు ఉంచాను, స్లాట్ పోయింది. ఫెస్టివల్ వాళ్ళు ఇంకో రకం. ఫారంలో డాక్యుమెంటరీ, ఫిక్షన్ అని రెండే గడులు. రెండింటికీ టిక్కు పెడితే ఫారం తిరిగొచ్చింది, ఫీజు రాలేదు. ఇప్పుడు ఆ కుర్చీల్లోవాళ్ళే రెండూ కలిపిన సినిమాను 'హైబ్రిడ్' అంటూ ఉపన్యాసాలిస్తున్నారు. పోనీలే.

కెమెరా సంగతి, సబ్‌టైటిళ్ళ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు అమ్మ ప్రశ్నను దాని చోట పెట్టు. నువ్వేం జవాబిచ్చావో అదీ వినిపించు. ఆ తర్వాత ఆమె చేత రెండూ చెప్పించు, నువ్వు రాసింది ఒకసారి, జరిగింది ఒకసారి. మేస్త్రీ పేరు మాత్రం మార్చు. వచ్చే సీజన్‌లో అమ్మ మళ్ళీ ఆ ఫ్యాక్టరీకే పోవాలి కదా.