ముందు వెలుగు, తర్వాతే పామ్

చిరంజీవి అమ్మాయికి,

హాలంతా పామ్ మొక్కలు పెట్టి, పచ్చటి తోటలో కూర్చున్నట్టు చేసుకోవాలనుందని రాశావు. చేసుకో, బాగుంటుంది. నువ్వు పంపిన జాబితాయే నాకు నచ్చలేదు. అన్ని రకాలు, అన్నీ చిన్న కుండీలే! అలా వరసగా పేర్చితే ఇల్లు నర్సరీలా కనిపిస్తుంది. నిలువెత్తు మొక్క ఒక్కటి మూలన పెట్టి, దాని మట్టలు సోఫా మీదికి వంగేలా వదిలేస్తే గది రూపమే మారిపోతుంది. దాని మొదట్లో నేలమీద ఒక దీపం పెట్టి చూడు, రాత్రిపూట గోడమీదా సీలింగ్‌మీదా ఆకుల నీడలు పరుచుకుంటాయి. పక్కన పొట్టి మొక్క ఒకటో రెండో చాలు. కుండీలు మాత్రం ముగ్గులూ మెరుపులూ లేని సాదావి కొను.

ఏ మొక్క అన్నది నీ అభిరుచి కన్నా నీ కిటికీలే ఎక్కువ తేలుస్తాయి. పలచటి తెరలోంచి ధారాళంగా వెలుగు వచ్చే చోట అరెకా పామ్ పెట్టు. నేరుగా మధ్యాహ్నపు ఎండ పడితే మాత్రం ఆకులు మాడతాయి. వెలుగు తక్కువైన మూలకి కెంటియా పామ్. ఆస్ట్రేలియాకి తూర్పున సముద్రంలో ఉన్న లార్డ్ హోవ్ దీవి దాని పుట్టిల్లు. చాలా నెమ్మదిగా పెరుగుతుంది, అందుకే ఖరీదెక్కువ. అయినా నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది దానిమీదే. బల్లమీదికి పార్లర్ పామ్ సరిపోతుంది. మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లో పెద్ద చెట్ల నీడన బతికే మొక్క అది, నీడ దానికి కొత్తేం కాదు.

నీ జాబితాలోంచి సాగో పామ్‌ని కొట్టేయి. పేరుకే పామ్, అసలు సైకాడ్ అనే వేరే జాతిది. మీ కుక్కపిల్ల దాని గింజో ఆకో నమిలితే కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. పైన చెప్పిన మూడింటితో ఆ భయం లేదు.

ఇక నీళ్లు. ఇంట్లో పామ్‌లు ఎండి చచ్చేదానికన్నా కుళ్లి చచ్చేదే ఎక్కువ. వారానికిన్నిసార్లని లెక్క పెట్టుకోకు. మట్టిలో వేలు గుచ్చి చూడు, పైన అంగుళం మేర పొడిగా తగిలితేనే పొయ్యి. పోసినప్పుడు అడుగు చిల్లులోంచి కారేదాకా పొయ్యి, తర్వాత పళ్లెంలో నిలిచింది పారబొయ్యి. అందం కోసం బయట ఇంకో కుండీ తొడుగుతావు చూడు, నీళ్లు నిలిచేది అందులోనే, పైకి కనబడదు. చలికాలంలో ఇంకా తక్కువ చాలు. ఆకు కొసలు గోధుమరంగుకి తిరిగితే గాలి పొడిగా ఉండడమో, నీళ్లలో ఉప్పెక్కువ కావడమో కావచ్చు. ఏసీ గాలి సూటిగా తగలనివ్వకు.

కత్తెరతో జాగ్రత్త. పామ్ కాండం పైనున్న మొవ్వులోంచే పెరుగుతుంది, మొవ్వు తెగితే ఆ కాండం పనైపోయినట్టే, పక్కనుంచి కొమ్మలు వేయదు. పసుపెక్కిన మట్టని కూడా వెంటనే తీసేయకు, మొక్క అందులోంచి పొటాషియం లాగి కొత్త ఆకుకి వాడుకుంటుంది. పూర్తిగా ఎండాక కొయ్యి. కుండీ కూడా వేళ్లు ఇరుకైతేనే మార్చు, వాటిని కదిలిస్తే దానికి గిట్టదు.

పామ్ గాలిని శుభ్రం చేస్తుందని ఎవరో చెప్పారన్నావు. ఆ ఆశతో కొనకు. ఆ మాట 1989 నాటి నాసా ప్రయోగం నుంచి వచ్చింది, అది మూసిన పెట్టెల్లో చేసినది. మామూలు గదిలో తేడా తెలియాలంటే అడుగు తీసి అడుగు వేయలేనన్ని మొక్కలు కావాలి.

కొనేటప్పుడు ఆకు తిరగేసి చూడు. సన్నని సాలెగూడు లాంటిదో, కదిలే చుక్కలో కనిపిస్తే మొక్కల నల్లి పట్టినట్టు, ఆ మొక్క వద్దు. ఇంటికి తెచ్చాక కూడా నెలకోసారి తడిగుడ్డతో ఆకులు రెండువైపులా తుడువు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ