పిక్టస్ క్యాట్‌ఫిష్ ఉన్న ట్యాంకులో చెర్రీ రొయ్యలు వేయొచ్చా?

మీరు అడిగింది ఇదీ: వైజాగ్ మధురవాడలో ఉంటారు, ఇంట్లో మూడడుగుల ట్యాంకు, అందులో రెండు పిక్టస్ క్యాట్‌ఫిష్‌లు. ఇప్పుడు ఓ ఇరవై ఎర్ర చెర్రీ రొయ్యలు తెచ్చి అందులోనే వేద్దామని ఉంది. నాచు, కర్రదుంగలు బాగా పెడితే దాక్కుంటాయి, ఏం కాదని షాపులో చెప్పారు. నమ్మొచ్చా?

నమ్మకండి. ఇరవై వేసినా యాభై వేసినా అవి ఆ పిక్టస్‌లకు మేతే.

ఇంత ఖాయంగా ఎందుకు చెప్తున్నానంటే, నేను సీతమ్మధారలో చెర్రీ రొయ్యలు పెంచుతాను, గాజువాకలో మా బావమరిది పిక్టస్‌లు పెంచుతాడు. నా దగ్గర రొయ్యలు మరీ ఎక్కువైపోతే, వాటిలో రంగు వెలిసినవాటిని వాడి చేపలకే వేస్తాం. కొందరికి ఇది నచ్చదని తెలుసు. కానీ క్యాట్‌ఫిష్‌కి రోజూ వేసే గుళికల మేతలో ఉండేదీ చేపలూ రొయ్యల పొడే. దాని వల్ల ఈ రెండూ ఒకే నీళ్లలో ఉంటే ఏం జరుగుతుందో దగ్గరుండి చాలాసార్లు చూశాను.

పగలు చూస్తే మీకు అసలు అనుమానమే రాదు. పిక్టస్‌లు దుంగ కింద పడుకుని ఉంటాయి, రొయ్యలు వాటి ముందు నుంచే నడిచి వెళ్తాయి. షాపువాళ్లు చెప్పేది ఈ పగటి సంగతే. ట్యాంకు లైటు ఆపేసి, టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టి చూడండి, ఆ వెలుతురును చేపలు పెద్దగా పట్టించుకోవు. చీకటి పడగానే పిక్టస్‌లు ఆగకుండా తిరుగుతాయి. పొడవాటి మీసాలు ముందుకు చాచి, ఇసుక మీదా నాచులోనూ తడుముకుంటూ పోతాయి. ఆ మీసాల నిండా రుచి మొగ్గలుంటాయి. క్యాట్‌ఫిష్‌లకు ఒంటి చర్మం మీద కూడా ఉంటాయి. అంటే వేటకి కళ్లతో పనే లేదు. మీసం రొయ్యకి తగిలిందా, నోరు ఒక్కసారి తెరుచుకుంటుంది, నీళ్లతో పాటు రొయ్య లోపలికి పోతుంది. నమలడం, కొరకడం ఏమీ ఉండదు.

అందుకే దాక్కునే చోట్లు ఇక్కడ పనికిరావు. కంటితో చూసి వెంటపడే చేప నుంచి రొయ్య నాచులో నక్కి తప్పించుకోగలదు. తోక ఒక్కసారి విదిలించి వెనక్కి ఎగిరిపోగలదు కూడా. వెతికేవాడు చీకట్లో నాచునే తడుముతూ వస్తే ఆ రెండు ఉపాయాలూ పోయినట్టే. పైగా రొయ్యలు కూడా మేతకి బాగా తిరిగేది రాత్రిపూటే. ఇక గుల్ల విడిచిన రోజైతే, రొయ్యల చెరువులవాళ్లు మోల్టింగ్ అంటారు చూడండి, ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, సరిగ్గా ఎగరను కూడా ఎగరలేదు.

ఇంకో తిరకాసు ఉంది. తినేసిన రొయ్యకి ఆనవాలు మిగలదు. శవం తేలదు, నీళ్లు వాసన రావు. రోజూ ఒకటో రెండో తగ్గుతుంటే "నాచులో ఎక్కడో ఉండుంటాయిలే" అనుకుంటూ ఉంటాం. బాగా దాక్కుంటున్నాయి అనే మాట షాపుల్లో ఇలాగే పుట్టి ఉంటుంది.

మేత కడుపునిండా వేస్తే వదిలేస్తాయేమో అనకండి. పిక్టస్ ఆకలితో మాత్రమే తినే రకం కాదు, నోట్లో పట్టినదల్లా తినే రకం. చెర్రీ రొయ్య బాగా పెరిగితే రెండున్నర, మూడు సెంటీమీటర్లు. పిక్టస్ పది, పన్నెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. లెక్క అక్కడే తేలిపోయింది. మన భీమవరం వైపు రొయ్యల రైతులు ఇది ఎప్పటి నుంచో ఎరిగినదే. పిల్ల వదిలే ముందు చెరువులో జెల్లలు, కొర్రమీనులు మిగిలి ఉంటే ఇప్ప చెక్క వేసి చంపుతారు. అందులోని సాపోనిన్ చేపల రక్తకణాలను దెబ్బతీస్తుంది, రొయ్యల మీద మాత్రం అంతగా పనిచేయదు. ఎకరాల చెరువులోనే కలిసి బతకనివ్వవని వాళ్లు ముందే తీసేస్తుంటే, మీది మూడడుగుల గాజుపెట్టె.

పెద్ద రొయ్యలు వేస్తేనో అని కూడా అడుగుతారు. అమానో రొయ్య నాలుగైదు సెంటీమీటర్లు ఉంటుంది, ఇంకాస్త ఎక్కువ రోజులు నిలుస్తుందేమో గానీ, మీసాలూ కాళ్లూ పోగొట్టుకుంటూ బతకడం ఏం బతుకు? నీలకంఠ రొయ్య అయితే కథ తిరగబడుతుంది. మగది ఒక అడుగు దాకా పెరుగుతుంది, చేతులు అంతకన్నా పొడవు. అప్పుడు రాత్రిపూట భయపడాల్సింది చేపలే. దాన్ని పులుసులో చూడటమే నాకిష్టం.

క్యాట్‌ఫిష్ అన్నది ఒక్క చేప కాదు కాబట్టి, రొయ్యలతో కుదిరేవి కూడా ఉన్నాయి. ఓటోసింక్లస్ అన్నిటికన్నా నిక్షేపం, రెండంగుళాలు కూడా ఉండదు, పాచి గీక్కుని బతుకుతుంది. కోరిడోరాస్ పెద్ద రొయ్యల జోలికి పోదు, అప్పుడే పుట్టిన పిల్లలు నోటికి తగిలితే మాత్రం వదలదు. బ్రిసిల్‌నోజ్ కూడా పర్వాలేదు. వేయకూడనివి: పిక్టస్, రెడ్‌టెయిల్, షార్క్ అని చెప్పి అమ్మే పంగాసియస్ పిల్లలు, గెడ్డల్లో పట్టుకొచ్చే జెల్లలు. పంగాసియస్, రెడ్‌టెయిల్ మీటరు దాటి పెరిగే చేపలు, అసలు ఇంటి ట్యాంకుల్లోకే రాకూడదు. మామూలు సక్కర్ రొయ్యల్ని వేటాడదు కానీ అడుగు దాటి పెరిగి ట్యాంకంతా పెంట చేస్తుంది. విసుగొచ్చినా దాన్ని ముడసర్లోవలోనో గెడ్డలోనో మాత్రం వదలకండి, వార్తల్లో దెయ్యం చేప అని వచ్చేది అదే.

మధ్యలో జాలీ అడ్డం పెడదామని కూడా మీరు రాశారు. రొయ్య పిల్లలు పుట్టినప్పుడు ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటాయి, జాలీలోంచి అవతలికి వెళ్లిపోతాయి. పిక్టస్ రెక్కముళ్లు రంపంలా ఉంటాయి, వలగుడ్డలో ఇరుక్కుంటే విడదీయడం పెద్ద తంటా. అందుకే దాన్ని వలతో పట్టకూడదు, ప్లాస్టిక్ డబ్బాతో ముంచి తీయాలి. పైగా అది ఈ చివర నుంచి ఆ చివరకి ఈదే చేప, రెండింటికి మూడడుగులే ఇరుకు. అందులో సగం కోసేస్తే ఇంకేం మిగులుతుంది?

కాబట్టి రొయ్యలకి వేరే చిన్న ట్యాంకు పెట్టండి. ఒకటిన్నర అడుగుది, ముప్పై లీటర్లు పట్టేది చాలు. స్పాంజ్ ఫిల్టర్ ఒకటి, గుప్పెడు జావా నాచు. మామూలు మోటారు ఫిల్టర్ అయితే పిల్లల్ని లాగేస్తుంది. నీళ్లు పోసి నాలుగైదు వారాలు ఖాళీగా నడవనిచ్చి, అప్పుడు ఓ పది రొయ్యలతో మొదలుపెట్టండి. ఇరవై అవసరమే లేదు, అవే పెరుగుతాయి. ఆడది పొట్ట కింద గుడ్లు మోస్తుంది, మూడు నాలుగు వారాల్లో పిల్లలు దిగుతాయి. అచ్చం పెద్దవాటిలాగే ఉంటాయి, వేరే ఉప్పునీళ్లు అక్కర్లేదు.

జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయాకే పోయండి. రాగి ఉన్న చేపల మందులు రొయ్యలకి విషం, సీసా మీద చదవకుండా ఏదీ వేయొద్దు. పిక్టస్‌కి పొలుసులుండవు కాబట్టి దానికీ మందుల విషయంలో జాగ్రత్తే.

మన వైజాగ్‌లో అసలు టెన్షన్ ఎండాకాలం. చెర్రీ రొయ్యలకి ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు డిగ్రీలు హాయి, మేలో ట్యాంకు నీళ్లు ముప్పై దాటుతాయి. నీటి మీదకి చిన్న ఫ్యాను పెడితే తగ్గుతుందని అందరూ చెప్తారు. తగ్గుతుంది గానీ, నీరు ఆవిరైతేనే చల్లబడేది. మన సముద్రపు గాలిలో ఇప్పటికే తేమ ఉంటుంది కాబట్టి పొడి ఊళ్లలో దిగినంత ఇక్కడ దిగదు. ఫ్యానుతో పాటు గాలి మోటారు ఆపకుండా నడపండి, ట్యాంకుని కిటికీకి దూరంగా పెట్టండి. రొయ్యలు కొనడం మాత్రం నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. ఎండలో కవరులో తెచ్చినవి సగం దారిలోనే నీరసించిపోతాయి.