ఆ పడమటి గోడకు టీవీ బిగించే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన వీడియో చూశాను. పైపుతో నీళ్లు కొడుతున్నా టీవీ ఆగకుండా ఆడుతూనే ఉంది. నిజంగానే బాగుంది. ఆరుబయట పెట్టుకునేందుకే చేసిన ఆ టీవీని మీ పడమటి గోడకు బిగిద్దామని, "కొనాలా వద్దా, ఒక్క మాటలో చెప్పు మామా" అన్నావు. ఒక్క మాట అంటే, ఇప్పుడు వద్దు. కానీ కారణం చెప్పకుండా వద్దంటే నువ్వు వినే రకం కాదు, అచ్చం మీ అమ్మ పోలిక. అందుకే షాపు మూసి వచ్చాక కూర్చుని రాస్తున్నా.

ముందు ఈ సంగతి చెప్పు. దాన్ని ఏ వేళప్పుడు చూస్తావు? ఐపీఎల్ కోసం అన్నావు. రాత్రి మ్యాచ్ 7:30కి మొదలవుతుంది, అప్పటికి చీకటి పడిపోతుంది. మధ్యాహ్నం 3:30కి మొదలయ్యే మ్యాచ్‌లు కూడా కొన్ని ఉంటాయి, కాదనను. ఏప్రిల్ నెలలో ఆ టైముకి కర్నూల్లో ఆరుబయట కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, టీవీ నేనే కొనిస్తా.

ఎందుకు అడుగుతున్నానంటే, బయటి టీవీకి పెట్టే డబ్బులో పెద్ద భాగం వానకు కాదు, వెలుగుకు పోతుంది. తెర వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. మన ఇళ్లలోని మామూలు టీవీ 300, 400 నిట్స్ ఉంటుంది. ఎండ వెలుతురులో కూడా బొమ్మ కనబడాలంటే 1000 పైన కావాలి, ఇంకా మంచివి 2000 దాకా ఇస్తాయి. శామ్‌సంగ్ వాళ్లు 2020లో తెచ్చిన ద టెర్రస్ అనే టీవీ అలాంటిదే. అంత వెలుగు ఇవ్వడానికి, ఆ వెలుగుతో పుట్టే వేడిని బయటికి పంపడానికి లోపల చాలా ఏర్పాట్లు ఉంటాయి కాబట్టే మామూలు టీవీకి మూడు నాలుగింతల ధర. రాత్రి పూట చూసేవాడికి ఆ వెలుగుతో పనే లేదు. కళ్లు మండుతున్నాయని నువ్వే సెట్టింగ్స్‌లోకి పోయి తగ్గించుకుంటావు.

ఇక ఆ టీవీకి ఐపీ55 ఉందంటారే, ఆ సంగతి. దుమ్ముకు, నీళ్లకు ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు అది. రెండు అయిదులూ రెండు వేర్వేరు పరీక్షల మార్కులు. మొదటిది దుమ్ముకు: కొంచెం దుమ్ము పోయినా పని చెడనంత కాపు ఉందని అర్థం. అసలు దుమ్మే దూరకూడదంటే ఆ అంకె 6 ఉండాలి. రెండోది నీళ్లకు: ఏ వైపు నుంచి పైపుతో కొట్టినా పాడు కాదని. వాన జల్లుకు అది చాలు. 2009 అక్టోబర్ వరదలోలా తుంగభద్ర ఊళ్లోకి వస్తే మాత్రం ఈ అంకె కాపాడదులే. నువ్వు గమనించాల్సింది వేరే ఉంది. ఆ రెండంకెల్లో వేడి మాట ఎక్కడా లేదు. ఎంత ఎండకు తట్టుకుంటుందో మాన్యువల్‌లో వేరేగా రాసి ఉంటుంది, అది వెతుక్కోవాలి. మామూలు టీవీలకు చాలా వాటికి 40 డిగ్రీల వరకే రాస్తారు. మనకు మే నెలలో నీడలోనే 43, 44 దాకా పోతుంది.

మన సీమలో టీవీకి వాన పెద్ద శత్రువు కాదు. అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తానికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. ఎండ, దుమ్ము, బల్లి, కరెంటు, వీటి తర్వాతే వాన.

ఎండ ఏం చేస్తుందో నా సొంత డబ్బుతో నేర్చుకున్నా. చాలా ఏళ్ల కిందట మా మిద్దె మీద, నీళ్ల ట్యాంకు నీడలో 32 ఇంచుల టీవీ పెట్టా. ఇనుప పెట్టె చేయించి, ముందు గాజు పలక బిగించి, చుట్టూ రబ్బరు బీడింగ్ వేసి, భలే చేశానని మురిసిపోయా. చుక్క నీళ్లు లోపలికి పోలేదు. గాలి కూడా పోలేదు. పైగా నీడ ఒకచోట ఉండదు కదా, రెండు దాటేసరికి అది పక్కింటి వైపు జరిగిపోయేది. మే నెలలో ఒక సాయంత్రం పెట్టె తెరిస్తే తెర మీది ఫిలిం అప్పడంలా బుడగలెత్తి ఉంది. అంతకు ముందు నుంచే మధ్యాహ్నాలు తెర మధ్యలో నల్ల మచ్చ వచ్చి, చల్లబడ్డాక పోతుండేది. తెర లోపల బొమ్మను చూపించే ద్రవ స్ఫటికాలు (లిక్విడ్ క్రిస్టల్స్) వేడెక్కి వరస తప్పితే అలా అవుతుంది. మెకానిక్‌ని అయి ఉండి కూడా పట్టించుకోలేదు. ఈ మాట మీ అత్త దగ్గర ఎత్తకు, ఇప్పటికీ దెప్పుతుంది.

బల్లి సంగతి చెప్తే నవ్వుతావు. హైవే మీద ఢాబా ఆయన ఒకరు రేకుల షెడ్డులో పెట్టిన టీవీ తెచ్చాడు, "వానకు పోయింది" అని. వెనక కవర్ విప్పితే ఎక్కడా తడి లేదు. ఎర్ర దుమ్ము దూదిలా పేరుకుని ఉంది, మూలన రెండు బల్లి గుడ్లు, పవర్ బోర్డు మీద అడ్డంగా మాడిపోయిన బల్లి. తల ఒక వైపు, తోక ఇంకో వైపు, మధ్యలో షార్ట్. చలికాలంలో ఆ బోర్డు వెచ్చగా ఉంటుంది, బల్లికి అంతకన్నా ఏం కావాలి. ఈ విషయంలో బయటి టీవీయే మేలు, అంత సందు ఇవ్వదు. మామూలు టీవీ బయట పెడితే నెలకోసారి బ్రష్షుతో వెనక దులపాలి, రాత్రి గుడ్డ కప్పాలి. ఆడుతున్నప్పుడు మాత్రం కప్పకు.

కరెంటు విషయంలో మాత్రం నాతో వాదించొద్దు. ఏ టీవీ పెట్టినా ఆ పాయింటుకు ఎర్తింగ్ సరిగా ఉండాలి, కరెంటు లీకయితే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంపుల ఆర్సీసీబీ స్విచ్చు ఉండాలి, ప్లగ్గుకు మూత ఉన్న డబ్బా ఉండాలి. తడి చేతులతో పిల్లలు తిరిగే చోటు అది. ఎండాకాలం సాయంత్రాలు ఉరుములు మొదలవగానే ప్లగ్గు ఒక్కటి పీకితే సరిపోదు, డిష్ వైరు, నెట్ వైరు కూడా పీకేయాలి. పిడుగు పడిన మర్నాడు నా షాపుకు వచ్చే టీవీల్లో సగం ఆ వైర్ల దారిన పోయినవే. పిడుగు దగ్గర లక్ష పెట్టి కొన్నదీ, పదివేలదీ ఒకటే.

మరి ఏం చేయాలంటావా? మీ హాల్లో టీవీ ఉంది కదా, చక్రాల స్టాండు ఒకటి కొను. సాయంత్రం వరండాలోకి తోసుకో, మ్యాచ్ అయ్యాక లోపలికి తోసేయ్. ఒక పది సాయంత్రాలు అలా చూడు. అయిదోనాటికే విసుగొస్తే నీకు బయట టీవీ అక్కర్లేదు, ఆ డబ్బంతా మిగిలినట్టే. మిద్దె మీద స్నేహితులతో కూర్చోవాలనే ఉంటే ప్రొజెక్టర్ తెచ్చుకుని సున్నం వేసిన పిట్టగోడ మీద ఆడించు. చీకట్లో దానికి తిరుగు లేదు. వానాకాలం దీపానికి పురుగులు ముసురుతాయి, అది ఎలాగూ తప్పదు. ఆరుబయట టీవీ సొంత స్పీకర్లు ఆనవని సౌండ్ పెంచుతావు. చుట్టుపక్కల మిద్దెల మీద జనం నీళ్లు చల్లుకుని పడుకునే కాలం అది, పది దాటితే తగ్గించు.

బయటి టీవీ దండగ అని నేను అనను. ఈత కొలను ఉన్న రిసార్టుకో, పట్టపగలు రోడ్డు పక్కన జనాన్ని ఆపాల్సిన హోటలుకో అది పెట్టుబడి. నువ్వూ హోటలు పెట్టే రోజు కొందాం, నేనే వచ్చి బిగిస్తా. అప్పుడు కూడా కొనే ముందు వారంటీ కార్డులో బయట వాడొచ్చని రాసి ఉందో లేదో చదవాలి. అమ్మేవాడి నోటి మాట చెల్లదు.

ఇంకో సంగతి. మిద్దె మీద పెడితే మీ అమ్మ చూడలేదు. మోకాళ్ల నొప్పితో ఆ మెట్లు ఎక్కదు, ఎక్కలేనని నీకు చెప్పదు కూడా. కింద వరండాలో అయితే అక్క మంచం మీద నుంచే సీరియల్ చూసుకుంటుంది.

అయినా నీ మనసు ఆ పడమటి గోడ మీదే ఉంటే, ఈ ఆదివారం ఒక పని చెయ్యి. సుద్దముక్క తీసుకుని రెండు గంటలకు, నాలుగింటికి, అయిదున్నరకు ఎండ ఆ గోడ మీద ఎక్కడిదాకా వస్తోందో గీత గీసి, ఫొటో పంపు. రెండింటప్పుడు గోడ మీద ఎండ పెద్దగా కనిపించదు, దాన్ని చూసి మోసపోకు. నాలుగింటి గీత దగ్గర అరచెయ్యి ఆనించి, ఎంతసేపు ఉంచగలిగావో కూడా రాయి.

మీ మామ,
అనంతపురం