లేబుల్ లేని మా డెత్ మెటల్ బ్యాండ్ తొలి ఈపీకి 5కి 2 మార్కులు ఇచ్చారు. ఈ రివ్యూను ఎంతవరకు పట్టించుకోవాలి?

మీ ప్రశ్నలోని సంగతి నాకు అర్థమైనంతవరకు ఇదీ: లేబుల్ (రికార్డు కంపెనీ) అండ లేకుండా, నాలుగు పాటల చిన్న రికార్డు (ఈపీ) సొంత డబ్బుతో చేసి, బ్యాండ్లు తమ పాటలు పెట్టుకునే బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్‌లో పెట్టారు. ఊళ్లో విన్నవాళ్లంతా అదిరిపోయిందన్నారు. బయటి దేశపు రివ్యూయర్ ఒకాయన మాత్రం రిఫ్‌లు (గిటార్ మీద తిరిగి తిరిగి వచ్చే చిన్న వరుసలు) బాగున్నాయి, డ్రమ్స్‌లో ప్రాణం లేదు, మూడో పాట సాగింది అని రాసి 5కి 2 ఇచ్చాడు. మీరు పంపిన మిగతా చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు ఈపీ తీసేసి మళ్లీ రికార్డు చేయాలా అని అడుగుతున్నారు.

నేను హైదరాబాద్‌లో కొన్నేళ్లు డెత్ మెటల్ (బరువైన గిటార్లు, గర్జించే గొంతుతో సాగే సంగీతం) బ్యాండ్‌లో గిటార్ వాయించాను. ఆ తర్వాత చాలాకాలం ఇలాంటి తొలి రికార్డుల మీదే రివ్యూలు రాశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: మార్కును వదిలేయండి. ఆయన చెవికి ఏం వినపడిందో అది మాత్రం ఒక్కో వాక్యం పట్టి చదవండి.

ఈ తేడా నాకు మా సొంత ఈపీతోనే తెలిసింది. దానికి చెప్పుకోదగ్గ రివ్యూలు రెండే వచ్చాయి. ఒకాయన మా గాయకుడి గ్రోల్ (గొంతు లోతుల్లోంచి వచ్చే గర్జన) మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే స్థాయిలో, ఊపిరి తిప్పుకోనివ్వకుండా సాగిందని, ఈ రికార్డుకు అదే బలమని మెచ్చుకున్నాడు. రెండో ఆయన అదే గ్రోల్‌తో రెండో పాటకే విసుగొచ్చిందన్నాడు. మావాళ్లు మొదటి రివ్యూను అందరికీ పంచారు, రెండోదాని మీద మండిపడ్డారు. కొన్నాళ్లకు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఇద్దరికీ వినపడింది ఒకటేనని తేలింది. నచ్చడం, నచ్చకపోవడం వాళ్ల వాళ్ల అభిరుచి. అక్కడి నుంచి మేం మాట్లాడుకోవాల్సిన విషయమే మారిపోయింది: ఆ ఒకే గొంతు మేం కావాలని ఎంచుకున్నదేనా? మా గాయకుడు నిజాయితీగా చెప్పాడు, తనకు అప్పటికి పట్టుబడిన గ్రోల్ అదొక్కటేనని. తర్వాత అతను పైస్థాయి స్క్రీమ్ మీద నెలల తరబడి సాధన చేశాడు. మార్కులు చూసి ఊరుకుని ఉంటే ఈ మాట బయటికే వచ్చేది కాదు.

ఇలాంటి సంగీతం మీద వచ్చే తీర్పులను ఎందుకు గట్టిగా నమ్మకూడదో చెప్పడానికి హెల్‌హామర్ కథ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1982లో స్విట్జర్లాండ్‌లో, జ్యూరిక్ దగ్గరి పల్లెల్లోని కుర్రాళ్లు మొదలుపెట్టిన బ్యాండ్ అది. గిటార్, గొంతు రెండూ టామ్ గేబ్రియల్ ఫిషర్‌వి. టామ్ వారియర్ అని పేరు పెట్టుకున్నాడు. అప్పటికి ఇరవైకి అటూ ఇటూ వయసు. సాధన నేల కింద ఉన్న ఒక బంకర్‌లో. 1983 జూన్‌లో అక్కడే 'ట్రయంఫ్ ఆఫ్ డెత్' అనే డెమో (నమూనా) క్యాసెట్ రికార్డు చేశారు. లేబుల్ లేదు, నిర్మాత లేడు, వాయిద్యాల మీద పట్టు కూడా అంతంతమాత్రమే. విన్నాక వాళ్లకే మొహమాటమేసి, బయటికి ఇవ్వాలా వద్దా అని తటపటాయించారు. చివరికి ఇచ్చారు.

హెల్‌హామర్‌ను పత్రికలు చీల్చి చెండాడాయి. బ్రిటన్‌లోని మెటల్ ఫోర్సెస్ పత్రిక లేబుల్ లేని బ్యాండ్ల డెమోల కోసం ప్రత్యేక శీర్షిక నడిపి ఎందరినో వెలుగులోకి తెచ్చింది. అలాంటి పత్రికకు కూడా హెల్‌హామర్ అంటే గిట్టలేదు. ఆ వైరం ఫిషర్ తర్వాతి బ్యాండ్‌నూ ఏళ్ల తరబడి వెంటాడింది. వాయించడం రాదు, నాలుగు మొరటు రిఫ్‌లు, భరించలేని మోత అన్నది స్థూలంగా ఆనాటి విమర్శ. నేను ఆ డెమోను మొదటిసారి విన్నప్పుడు ఒకటి గమనించాను. ఆ విమర్శలో ఉన్న వర్ణనకు వంక పెట్టలేం. టైటిల్ పాట నత్తనడకన ఈడ్చుకుంటూ పోతుంది. గిటార్ శబ్దం బురదలా ఉంటుంది. డ్రమ్స్ అక్కడక్కడా తాళం తప్పుతాయి. గొంతు పాడదు, ఏడుస్తుంది. ఇవన్నీ నిజాలే. వాటి నుంచి 'కాబట్టి ఇది చెత్త' అని తేల్చిన చోటే విమర్శకులు పొరబడ్డారు. ఆ ఈడ్పు, ఆ మొరటుతనం, ఆ ఏడుపే కావాలనుకున్న శ్రోతలు ఐరోపాలో, అమెరికాలో క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించుకుని ఒకరికొకరు పంపుకున్నారు. తర్వాతి కాలంలో మేహెమ్, డార్క్‌త్రోన్ లాంటి నార్వే బ్యాండ్లు వెనక్కి తిరిగి చూసిన దిక్కుల్లో ఇదొకటి.

హెల్‌హామర్ వాళ్లు ఆ విమర్శతో ఏం చేశారన్నది మీకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. బెర్లిన్‌లోని నాయిస్ రికార్డ్స్ వాళ్లను తీసుకుంది, 1984 మార్చిలో ఒక ఈపీ రికార్డు చేశారు. ఆ మే నెల చివరికల్లా ఫిషర్, బేసిస్ట్ మార్టిన్ ఐన్ కలిసి బ్యాండ్‌నే ఆపేశారు. హెల్‌హామర్ అనే పేరు చుట్టూ పేరుకున్న చులకన ఒక కారణమైతే, తాము చేయాలనుకున్నది ఆ బ్యాండ్‌తో కుదరదని వాళ్లకే అనిపించడం ఇంకో కారణం. వెంటనే వాళ్లిద్దరి కొత్త బ్యాండ్ సెల్టిక్ ఫ్రాస్ట్ మొదలైంది. అదే ఏడాది చివర్లో దాని తొలి రికార్డు 'మార్బిడ్ టేల్స్' వచ్చింది. డ్రమ్స్ బిగువుగా కుదిరాయి, రిఫ్‌లు గుర్తుండిపోయేలా తయారయ్యాయి. కానీ ఆ బరువు, ఆ చీకటి, పాట మధ్యలో వేగం ఒక్కసారిగా కూలిపోవడం అన్నీ హెల్‌హామర్‌వే. వాయించడం రాదన్న మాటలో నిజం ఉందని ఒప్పుకుని దాని మీద పనిచేశారు. ఈ సంగీతమే పనికిరాదన్న మాటను మాత్రం లెక్కచేయలేదు. ఏడాదిన్నర లోపు ఇరవైకి అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లు ఇంత తెలివిగా ఏరుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమేస్తుంది.

మెచ్చుకున్నవాళ్లకీ తిట్టినవాళ్లకీ ఒకటే వినపడటం కొత్త కాలంలోనూ ఉంది. 2010లో శాన్ ఫ్రాన్సిస్కోలో జార్జ్ క్లార్క్, కెర్రీ మెకాయ్ కలిసి డెఫ్‌హెవెన్ పేరుతో నాలుగు పాటల డెమో చేశారు. సుమారు 500 డాలర్ల ఖర్చుతో, జాక్ షర్లీ అనే ఇంజినీర్ దగ్గర రికార్డు చేశారు. బ్లాక్ మెటల్ (మెటల్‌లో చీకటిగా, వేగంగా సాగే శాఖ) వేగం మీద షూగేజ్ (గిటార్ల మోతను పొగమంచులా పరిచే రాక్ తరహా) పద్ధతిలో మెరిసే గిటార్ పొరలు పరిచారు. ఆ ఏడాది తిరక్కుండానే డెత్‌విష్ లేబుల్ పిలిచి ఒప్పందం చేసుకుంది. 2013లో వాళ్ల రెండో ఆల్బమ్ 'సన్‌బేదర్' ఆ ఏడాది విమర్శకులు అత్యంత ఎక్కువగా మెచ్చుకున్న రికార్డుల్లో నిలిచింది. మెటల్ అభిమానుల్లో పెద్ద వర్గం మాత్రం దాన్ని బ్లాక్ మెటల్ అనడానికే ఒప్పుకోలేదు. 'వెలుతురు ఎక్కువైంది' అన్నది రెండు వర్గాలూ చెప్పిన మాటే. ఒకరికి అది కొత్తదనం, ఇంకొకరికి అపచారం.

ఇక ఆ 2 అనే అంకె. అది ఎక్కడ ఇచ్చారన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. యాంగ్రీ మెటల్ గయ్ అనే రివ్యూల వెబ్‌సైట్ వాళ్ల కొలమానంలో 5కి 3 వస్తే 'బాగుంది' అని, 2.5 అంటే మంచీ చెడూ కలిసి ఉన్నాయని అర్థం. అక్కడ 5 రావడం చాలా అరుదు. వాళ్లే లేబుల్ లేని బ్యాండ్ల కోసం ఒక శీర్షిక నడుపుతారు. ఒకే రికార్డును పలువురు రివ్యూయర్లు విని, ఎవరి మార్కు వాళ్లు ఇస్తారు. వాటిని వరుసగా ఒకసారి చదవండి, ఒకే పాట గురించి ఎంతెంత తేడాగా రాస్తారో తెలుస్తుంది. మెటల్ బ్యాండ్ల వివరాలు ఉండే మెటల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో అయితే శ్రోతలు శాతాల్లో ఇస్తారు. ఒకే ఆల్బమ్‌కు ఒకరు 95, పక్కనే ఇంకొకరు 10 ఇచ్చిన పేజీలు బోలెడు. కాబట్టి అంకెను అంకెతో పోల్చకండి.

జవాబు రాలేదని బాధపడ్డారు కదా. దాని గురించి రివ్యూయర్‌గా చెప్తాను. నా ఇన్‌బాక్స్‌కు ఒక వారంలో వచ్చే రికార్డులన్నీ వినడానికే సమయం చాలేది కాదు, రాయడం సంగతి సరేసరి. మౌనం అంటే తిరస్కారం కాదు, చాలాసార్లు అవతల ఎవరూ అసలు వినలేదనే అర్థం. నేను వినకుండా వదిలేసిన మెయిల్స్‌లో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉండేవి: పొడవైన బ్యాండ్ చరిత్ర, 'మా సంగీతం ఏ వర్గానికీ చెందదు' అనే వాక్యం, డౌన్‌లోడ్ చేసుకుంటే తప్ప వినలేని ఫైల్. వెంటనే తెరిచి విన్నవి రెండు మూడు వాక్యాల్లో ఏ ఊరు, ఏ తరహా, మొదట ఏ పాట వినాలో చెప్పి, ఒక్క నొక్కుతో వినిపించే లింక్ ఇచ్చినవి. విడుదలయ్యాక పంపితే సగం అవకాశం పోయినట్టే. కనీసం నెల ముందే పంపాలి.

మన ఊరివాళ్ల మెచ్చుకోలు గురించి కూడా ఒక మాట. హైదరాబాద్‌లో డెత్ మెటల్ వాయించేవాళ్లు తక్కువ, వినేవాళ్లు ఇంకా తక్కువ. అందరం ఒకరికొకరం తెలుసు. గాడ్‌లెస్ లాంటి మన నగరపు బ్యాండ్ బయట పేరు తెచ్చుకున్నప్పుడు మేమంతా పొంగిపోయాం. ఆ ప్రేమ నిజమైనదే, మీ దగ్గర ఉంచుకోండి. కానీ మీ షోకి వచ్చి గుంపులో ఊగినవాళ్లు ఈపీ వింటున్నప్పుడు ఆ రాత్రిని కూడా కలిపి వింటారు. ఎక్కడో కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న అపరిచితుడికి స్పీకర్లలోంచి వచ్చినది తప్ప ఇంకేమీ లేదు. అందుకే డ్రమ్స్ గురించి అతను చెప్పిన మాటకు విలువ ఎక్కువ.

ఆ డ్రమ్స్ నేనూ విన్నాను. మీరు కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ చేసినవి. అందులో తప్పేమీ లేదు, మన దగ్గర డెత్ మెటల్ వాయించగల డ్రమ్మరూ అతన్ని సరిగ్గా రికార్డు చేసే గదీ రెండూ దొరకడం కష్టం. చిక్కు ఎక్కడంటే, బ్లాస్ట్ బీట్‌లో (విపరీతమైన వేగంతో కొట్టే డ్రమ్ వరుసలో) స్నేర్ (చిన్న డ్రమ్) దెబ్బలన్నీ ఒకే వెలాసిటీతో (దెబ్బ బలంతో), ఒకే శాంపిల్‌తో (రికార్డు చేసిన ఒకే శబ్దంతో) పడుతున్నాయి. మనిషి ఆ వేగంలో వాయిస్తే చేతి దెబ్బలు కొంచెం తేలికవుతాయి, ఒకదానికొకటి కాస్త తేడా వస్తుంది. నిదానంగా సాగే రిఫ్‌లోకి దిగగానే మళ్లీ బరువు పెరుగుతుంది. వెలాసిటీని దెబ్బదెబ్బకీ మార్చండి, వేగం పెరిగిన చోట తగ్గించండి, ఒకే స్నేర్‌కు నాలుగైదు శాంపిల్స్ మార్చి మార్చి వాడండి. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) క్లిక్‌మనే శబ్దాన్ని తగ్గిస్తే గిటార్లు కూడా ముందుకొస్తాయి. మూడో పాట సాగిందన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఆ చివరి నిదానపు భాగమే నాకు ఈపీ మొత్తంలో బాగా నచ్చింది. కాకపోతే అక్కడికి చేరేలోపు రెండో రిఫ్ మరీ ఎక్కువసార్లు తిరుగుతోంది. బహుశా ఆయనకు విసుగు పుట్టింది అక్కడే.

తీసేయాలా అంటే, వద్దు. ఫిషర్ తన డెమోలను దాచలేదు. హెల్‌హామర్ మూడు డెమోలనూ 2008లో 'డీమన్ ఎంట్రెయిల్స్' పేరుతో మళ్లీ విడుదల చేశారు. 2019 నుంచి ఆయన ట్రయంఫ్ ఆఫ్ డెత్ పేరుతోనే ఒక బృందం కట్టి ఆ పాటలను వేదికల మీద వాయిస్తున్నాడు, 2023లో వాటితో లైవ్ ఆల్బమ్ కూడా తెచ్చాడు. మీ ఈపీని ఉన్నచోటే ఉంచండి. ఆ రివ్యూయర్‌తో వాదన పెట్టుకోకండి. విన్నందుకు ధన్యవాదాలు అని రెండు ముక్కలు రాయండి చాలు. మళ్లీ మిక్స్ చేయాలనిపిస్తే మూడో పాట ఒక్కటే తీసుకోండి, పైన చెప్పిన మార్పులు చేసి విడిగా పెట్టండి. రెండో ఈపీ సిద్ధమైనప్పుడు మొదటి మెయిల్ ఆయనకే పంపండి. ఆ రివ్యూ నేను చదివాను, మూడో పాటలో నిమిషాలతో సహా ఏ భాగం ఎక్కడుందో రాశాడు. చివరిదాకా విన్నవాళ్లు తప్ప అలా రాయలేరు.